కోడి నుంచి మనిషికి దాటురేవు

(సంక్రాంతికి ముందు, ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో జరిగిన ఒక సభలో విశ్రాంత పశువైద్యుడు ఒకరు బర్డ్ ఫ్లూ గురించి చేసిన ప్రసంగం. పెరటి కోళ్లు పెంచుకునే మహిళా సంఘాలవాళ్లు, చికెన్ దుకాణాలవాళ్లు, ఆశా కార్యకర్తలు వచ్చారు. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

పొద్దున్న ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి ఆటోలో వచ్చాను. నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. ఒళ్లో ఏడాదిన్నర పిల్ల. కింద సంచిలో రెండు నాటుకోళ్లు, కాళ్లు కట్టేసి, తలలు బయటికి పెట్టి ఉన్నాయి. మహేంద్రతనయ ఏరు దాటేదాకా ఆ పిల్ల వంగి వంగి పుంజు తురాయి పట్టుకుంటోంది, నవ్వుతోంది, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటోంది. వాళ్లమ్మ ఏమీ అనలేదు. ఎందుకంటుంది? మనమందరం అలాగే పెరిగాం. నేనూ కోడిపిల్లల్ని లాగులో పెట్టుకుని బడికి వెళ్లినవాణ్ణే.

ఆ కోళ్లు ఆరోగ్యంగా ఉన్నాయి, నేను చూశాను. ఆ పిల్లకు ఏమీ కాదు. కానీ ఈరోజు నేను మాట్లాడవలసిన విషయమంతా ఆ ఆటోలోనే ఉంది. ఒక పక్షి, ఒక పిల్ల, మధ్యలో ఒక చెయ్యి. రెండు రాష్ట్రాల మధ్య ఒక ఏరు.

బర్డ్ ఫ్లూ గురించి మాట్లాడమన్నారు. ముందుగా ఒక మాట. ఈ ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పారు. నలుగురికీ అర్థమయ్యే భాషలోనే చదువు చెప్పాలని పోరాడారు. సవర గిరిజనుల చేత వాళ్ల భాషలోనే చదివించారు. ఆయన నడిచిన ఊళ్లో నిలబడి నేను డాక్టర్ల భాష మాట్లాడితే బాగుండదు. మీకు అర్థం కాని మాట వస్తే చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను.

ఫ్లూ అంటే మనకు తెలిసిన పడిశెం జ్వరమే. ఆ వైరస్‌లో ఎన్నో రకాలున్నాయి. వాటిలో ఇన్‌ఫ్లుయెంజా ఏ అనే రకానికి అసలు ఇల్లు మనిషి కాదు, నీటి పక్షి. అడవి బాతులు, సముద్రపు కాకులు, ఒడ్డున తిరిగే ఉల్లంకి పిట్టల్లాంటివి. వైరస్ పైన రెండు రకాల ముళ్లుంటాయి. ఒకదాన్ని హెచ్ అని, రెండోదాన్ని ఎన్ అని అంటారు. పక్షుల్లో పాతకాలం నుంచి తెలిసిన హెచ్‌లు 16, ఎన్‌లు 9. హెచ్5ఎన్1 అంటే అయిదో రకం హెచ్, ఒకటో రకం ఎన్ ఉన్నది. మీరు పేపర్లో చూసే అంకెల అర్థం అంతే.

అడవి బాతు పేగుల్లో ఈ వైరస్ చాలాసార్లు హాని చెయ్యకుండా ఉంటుంది. బాతు తిరుగుతుంది, ఈదుతుంది, రెట్ట వేస్తుంది. ఆ రెట్టతో వైరస్ నీళ్లలోకి వస్తుంది. చల్లటి నీళ్లలో వారాల తరబడి బతుకుతుంది. ఎండలో, వేడిలో త్వరగా చస్తుంది. అందుకే ఈ జబ్బు మన దగ్గర చలికాలంలో ఎక్కువగా కనిపిస్తుంది. వలస పక్షులు వచ్చే కాలమూ అదే.

మనకు ఉత్తరాన చిలికా ఉంది. రంభ దగ్గర గంజాం జిల్లా దాని అంచును తాకుతుంది. ఏటా జనవరిలో లెక్కపెడితే అక్కడ సుమారు 11 లక్షల పక్షులు తేలుతున్నాయి. దక్షిణాన టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. ఆ ఊరివాళ్లు వాటిని ఎంత ఆదరంగా చూసుకుంటారో మీకు తెలుసు. అలా చూసుకోవడం తప్పు కాదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, బర్డ్ ఫ్లూ అనగానే తుపాకులు పట్టుకుని కొంగల మీదకు వెళ్లేవాళ్లున్నారు. పక్షిని బెదరగొడితే అది ఇంకో చెరువుకు పోతుంది, దాంతోపాటు వైరస్ కూడా పోతుంది. అడవి పక్షి మనింటికి రాదు. దానికీ మన పెరటి కోడికీ మధ్య సంబంధం కలిపేది మనమే. చెరువులోకి బాతుల్ని వదులుతాం, ఆ బాతుల్నే సాయంత్రం కోళ్లగూట్లో మూస్తాం.

బాతుల దగ్గర కొంచెం ఆగుతాను. వంశధార పక్క వరికోతలు అయ్యాక బాతుల మందలవాళ్లు వస్తారు. వేలకొద్దీ బాతులు మళ్లల్లో రాలిన గింజలు తింటూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడుస్తాయి. థాయిలాండ్‌లో 2004 ప్రాంతంలో హెచ్5ఎన్1 వచ్చినప్పుడు, ఏ జిల్లాల్లో ఎక్కువగా వచ్చిందో పటం గీసి చూశారు. వరిమళ్లలో బాతుల్ని మేపే చోట్లతో ఆ పటం బాగా కలిసింది. ఎందుకంటే బాతుకు వైరస్ సోకినా చాలాసార్లు పైకి జబ్బు కనిపించదు. కోడి అలా కాదు, రెండు రోజుల్లో చచ్చి పడుతుంది. అంటే బాతు మోసుకొస్తుంది, కోడి చచ్చి కబురు చెబుతుంది. ఆ కబురు మనం వినాలి. దాని గురించి చివర్లో చెబుతాను. నాకు అన్నింటికంటే ముఖ్యమైన విషయం అదే.

ఇప్పుడు ఒక ప్రశ్న. పక్షుల వైరస్ పక్షుల్లోనే ఉండక మనుషుల దాకా ఎలా వస్తుంది? ఎందుకు కొన్నిసార్లే వస్తుంది?

గెడ్డ దాటాలంటే దాటురేవు కావాలి కదా. ఈ వైరస్ మూడు రేవులు దాటాలి. మొదటిది, మన ఒంట్లో ఏదో ఒక కణాన్ని పట్టుకోవాలి. రెండోది, ఆ కణంలో పెరగగలగాలి. మూడోది, ఆ మనిషి నుంచి ఇంకో మనిషికి పాకాలి. హెచ్5ఎన్1 మొదటి రేవు అప్పుడప్పుడు దాటుతోంది. రెండోది కష్టంమీద దాటుతోంది. మూడోది ఇంకా దాటలేదు. ఒక ఇంట్లో దగ్గరగా ఉన్నవాళ్లకు సోకినట్టు అరుదుగా కనిపించిందే తప్ప, ఊరంతా పాకలేదు.

మొదటి రేవు గురించి వివరంగా చెబుతాను, మీ వంటింటికి సంబంధించినది ఇదే. కణం పైన చక్కెర లాంటి ఒక పదార్థం ఉంటుంది. వైరస్ దాన్నే పట్టుకుని లోపలికి వెళుతుంది. పక్షి పేగుల్లో దాని అమరిక ఒక రకం, మన ముక్కు, గొంతులో ఇంకో రకం. పక్షుల వైరస్‌కు మన ముక్కులో సరిగ్గా పట్టు దొరకదు. అయితే మన ఊపిరితిత్తుల అడుగున, కంటి పొరలో పక్షుల రకం పట్టు ఉంది. కాబట్టి వైరస్ కొద్దిగా వచ్చి ముక్కుకు తగిలితే జారిపోతుంది. ఎక్కువ మోతాదులో, లోపలిదాకా పీల్చుకుంటే దిగుతుంది. ఎప్పుడు పీల్చుకుంటాం? జబ్బుచేసిన కోడిని కోసి, వేడినీళ్లలో ముంచి, ఈకలు పీకేటప్పుడు. ఆ తుంపరలు మొహం మీదే కదా పడేది. ఎండిన రెట్ట ఊడ్చేటప్పుడు. ఆ పని ఇంట్లో ఎవరు చేస్తారు? ఈ గదిలో కూర్చున్న ఆడవాళ్లు చెప్పండి. (సభలో నుంచి: “మేమే!”) అవును. కూర తినడం దగ్గర భయం లేదు. 70 డిగ్రీల వేడి తగిలితే ఆ వైరస్ క్షణాల్లో చస్తుంది, మన కూర సలసలా కాగుతుంది. భయమంతా కూర పొయ్యి ఎక్కకముందే.

ఇంకో సంగతి కూడా ఇందులోనే ఉంది. ఊపిరితిత్తుల అడుగున దిగుతుంది కాబట్టే సోకినవాళ్లకు అంత ప్రమాదం. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద నమోదైన హెచ్5ఎన్1 కేసులు 900 దాటాయి. వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. అడుగున ఉంటుంది కాబట్టే దగ్గుతో, తుమ్ముతో సులువుగా బయటికి రాదు, పక్కవాళ్లకు అంటదు. ప్రస్తుతానికి మనల్ని కాపాడుతున్న పెద్ద అడ్డు అదే.

రెండో రేవు వేడికి సంబంధించింది. కోడి ఒళ్లు మనకంటే వేడి, 41 డిగ్రీల పైనే. మన ముక్కులో 33 డిగ్రీలే ఉంటుంది. కోడిలో పెరగడానికి అలవాటైన వైరస్ మన ముక్కులో మందకొడిగా ఉంటుంది. అయితే వైరస్ తన నకళ్లు తీసుకునే ప్రోటీన్ ఒకటుంది. అందులో 627వ స్థానంలో ఒక్క మార్పు జరిగితే చాలు, చల్లటి చోట కూడా హుషారుగా పెరుగుతుంది. అలాంటి మార్పు సోకిన మనుషుల నుంచి తీసిన వైరస్‌లలో చాలాసార్లు కనిపించింది. నకలు తీసేటప్పుడు ఫ్లూ వైరస్ తప్పులు చేస్తూనే ఉంటుంది. కోటి కోళ్లలో పెరిగితే కోటాను కోట్ల తప్పులు. వాటిలో ఏదో ఒకటి దానికి పనికొస్తుంది. ఒకేచోట కిక్కిరిసిన కోళ్లుంటే ప్రమాదమని చెప్పేది ఇందుకే. ఆ వైరస్‌కు మనం ఎన్ని అవకాశాలు ఇస్తున్నామన్నదే అసలు లెక్క.

ఇక పందులు. సవర గూడేల్లో పంది లేని ఇల్లు తక్కువ. పండుగకు, పెళ్లికి, అప్పు తీర్చడానికి అదే ఆధారం. కాబట్టి పందులు పెంచవద్దని నేను అనను. పంది దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. ఫ్లూ వైరస్ జన్యువు ఒక్క పోగు కాదు, ఎనిమిది ముక్కలు. పండక్కి పుట్టింటికి వచ్చిన అక్కచెల్లెళ్లు ఒకే గదిలో పెట్టెలు తెరిస్తే చీరలు కలిసిపోతాయి చూడండి, తిరుగు ప్రయాణంలో అక్క చీర చెల్లెలి పెట్టెలో ఉంటుంది. పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ ఒకే జంతువు ఒంట్లో ఒకేసారి చేరితే ఆ ముక్కలు అలా కలిసిపోతాయి. బయటికి వచ్చేది కొత్త వైరస్, ఎవరి ఒంటికీ పరిచయం లేనిది. పందికి పక్షుల రకమూ సోకుతుంది, మనుషుల రకమూ సోకుతుంది.

ఇది ఊహ కాదు. 1957లో, 1968లో ప్రపంచమంతా పాకిన ఫ్లూలు పక్షుల ముక్కలు, మనుషుల ముక్కలు కలిసి పుట్టినవే. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ పందుల్లో ఏళ్ల తరబడి కలిసిన ముక్కలతో పుట్టింది. ఏప్రిల్‌లో మెక్సికోలో, అమెరికాలో బయటపడి, మేలో హైదరాబాదులో దిగింది. నెల రోజులు పట్టింది, అంతే. ఆ తర్వాత ఇంకో విచిత్రం. అదే వైరస్ మనుషుల నుంచి తిరిగి పందులకు అంటింది, చాలా దేశాల్లో, చాలాసార్లు. రేవు రెండువైపులా ఉంటుందన్నమాట. నీకు జ్వరం, దగ్గు ఉంటే రెండు రోజులు పందుల దొడ్లోకి, కోళ్లగూటి దగ్గరికి వెళ్లకు, ఇంకొకళ్లని పంపు అని నేను చెబితే, “మీకు పందుల మీద బెంగా, మామీదా?” అని ఒక పెద్దాయన అడిగారు. రెండూ, అన్నాను. మనుషుల మామూలు ఫ్లూ పంది దగ్గరికి చేరకపోతే కలవడానికి అక్కడ రెండో పెట్టె ఉండదు. కోళ్లతో, పందులతో పనిచేసేవాళ్లకు చాలా దేశాల్లో ఏటా మామూలు ఫ్లూ టీకా వేసేది కూడా ఇందుకే. ఆ టీకా బర్డ్ ఫ్లూను ఆపదు. రెండూ ఒకే ఒంట్లో కలవకుండా చూస్తుంది.

(సభలో నుంచి: “ఆవులకు వస్తుందా సార్?”)

మంచి ప్రశ్న అమ్మా. 2024 మార్చి దాకా మమ్మల్ని అడిగి ఉంటే, రాదు అనే చెప్పేవాళ్లం. ఆ నెలలో అమెరికాలో, టెక్సాస్‌లో పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బయటపడింది. అది పొదుగులో పెరిగింది. పాలు చిక్కగా, పసుపుగా మారాయి. ఆ పచ్చిపాలు తాగిన పిల్లులు చనిపోయాయి. పాలు పితికేవాళ్లకు ఎక్కువగా కళ్లు ఎర్రబడ్డాయి. ఇందాక కంటి పొర గురించి చెప్పాను, గుర్తుందా? పాలు చిట్లి కంట్లో పడితే చాలు. పెద్ద ఫారాల్లో ఒకే యంత్రం ఒక పొదుగు నుంచి ఇంకో పొదుగుకు మోసింది, ఆవుల్ని లారీల్లో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తోలడం వల్ల మరింత పాకింది. మన దగ్గర ఇంటికి ఒకటో రెండో ఆవులు, చేత్తో పితుకుతాం, పాలు పొంగించి తాగుతాం. పాలు కాచుకునే అలవాటు మానవద్దు, అది మనల్ని ఎన్నో జబ్బుల నుంచి కాపాడుతోంది.

పిల్లుల మాట వచ్చింది కాబట్టి పులుల మాట కూడా చెబుతాను. 2024 డిసెంబరులో నాగపూర్ దగ్గర గోరేవాడ రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుతపులి హెచ్5ఎన్1తో చనిపోయాయి. పచ్చిమాంసం తినే జంతువులకు అది ఎంత ప్రమాదమో చూడండి. మన ఇళ్లల్లో చచ్చిన కోడిని ఏం చేస్తాం? కుక్కకు వేస్తాం, పిల్లికి పడేస్తాం. ఆ పిల్లి రాత్రి పిల్లల పక్కలో పడుకుంటుంది. ఒక్కో జాతిలోకి వెళ్లినప్పుడల్లా వైరస్ పాలిచ్చే జంతువుల ఒళ్లు ఎలా ఉంటుందో కొంచెం నేర్చుకుంటుంది. 2022లో స్పెయిన్‌లో బొచ్చు కోసం వేలకొద్దీ పెంచే మింక్ అనే చిన్న జంతువుల్లో అది ఒక బోను నుంచి ఇంకో బోనుకు పాకింది. మరుసటి ఏడాది పెరూ తీరంలో సీ లయన్లు వేలల్లో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మాలాంటివాళ్లకు నిద్ర పట్టనివ్వనివి అవే. పక్షి నుంచి ఒక జంతువుకు అంటడం కొత్త కాదు, జంతువు నుంచి జంతువుకు పాకడమే కొత్త.

సంతల గురించి చెప్పాలి. 1997లో హాంగ్‌కాంగ్‌లో హెచ్5ఎన్1 మొదటిసారి మనుషులకు సోకింది. 18 మందికి వచ్చింది, ఆరుగురు చనిపోయారు. బతికున్న కోళ్లు, బాతులు, కముజులు అన్నీ పక్కపక్క బోనుల్లో పెట్టి అమ్మే మార్కెట్లలో ఆ వైరస్ తిరుగుతోందని తేలింది. ఊళ్లో ఉన్న కోళ్లన్నింటినీ చంపేశారు, కేసులు ఆగిపోయాయి. 2013లో చైనాలో హెచ్7ఎన్9 అనేది ఇంకా కష్టపెట్టింది. దాంతో కోళ్లకు జబ్బే కనిపించలేదు, మనుషులే ఆసుపత్రుల్లో పడ్డారు. పెద్ద నగరాల్లో బతికున్న కోళ్ల మార్కెట్లు మూసేశాక కేసులు ఒక్కసారిగా పడిపోయాయి.

మన వారపు సంత మూయాలని నేను అనను. సంత మూస్తే కొండ మీద నుంచి దిగొచ్చే సవరామె ఉప్పు ఎలా కొంటుంది? కానీ చెయ్యగలిగినవి ఉన్నాయి. అమ్ముడుపోని కోళ్లను సాయంత్రం తిరిగి ఇంటికి తీసుకెళ్లి పాత కోళ్లలో కలపడం అన్నింటికంటే పెద్ద తప్పు. పది ఊళ్ల కోళ్ల మధ్య పొద్దంతా ఉన్న కోడి అది. కొత్తగా కొన్న కోడినైనా, తిరిగొచ్చిన కోడినైనా రెండు వారాలు వేరే గంప కింద ఉంచండి. బాతుల్ని, కోళ్లని ఒకే బుట్టలో తేవద్దు. చికెన్ దుకాణాల తమ్ముళ్లకు చెబుతున్నాను, సంత అయ్యాక బోనులు, కొయ్య మొద్దు సబ్బునీళ్లతో రుద్ది కడిగి ఎండబెట్టండి. ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకు అది కరిగిపోతుంది. ఒక బట్ట ముక్క మూతికి కట్టుకుని కోళ్లు కొయ్యడం నామోషీ కాదు. పిల్లల్ని కోసే చోట నిలబడనివ్వకండి.

సంక్రాంతి వస్తోంది, పందేల మాట ఎత్తకుండా ఎలా? ఎక్కడెక్కడి పుంజులో ఒక బరిలో దిగుతాయి, రక్తం చిందుతుంది, పుంజుని ఒళ్లో పెట్టుకుని నోరు తుడుస్తారు, గాయాలు కుడతారు. థాయిలాండ్‌లో పందెం కోళ్లు పెంచేవాళ్లకు కూడా ఈ జబ్బు సోకింది. ఓడిన కోడిని కోసి పంచుకుంటారు కదా, దాని రక్తం ఎవరి చేతుల మీద ఉంటుందో ఆలోచించండి. చట్టం ఎలాగూ ఒప్పుకోదు. నాకు ఆ ఆట ఇష్టం లేదు, దాచుకోను.

ఇప్పుడు చివర్లో చెబుతానన్నది.

2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలో నవాపూర్‌లో మన దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ తర్వాత కొన్నేళ్లకు నేను రాయగడ వైపు పనిచేస్తున్నాను. ఒక కొండ గూడెం నుంచి కబురొచ్చింది, కోళ్లు చస్తున్నాయి డాక్టరుగారూ అని. కొక్కెర తెగులు అయి ఉంటుంది, టీకా వెయ్యలేదు కదా అన్నాను. వెళ్లలేదు. నాలుగో రోజు వెళ్లాను. నేను వెళ్లేసరికి గూడెంలో ఒక్క కోడి లేదు. కొన్నింటిని కోసుకు తిన్నారు. కొన్నింటిని సంతలో సగం ధరకు అమ్మేశారు. మిగతావి గెడ్డలో పారేశారు. నమూనా తీద్దామంటే ఈక కూడా దొరకలేదు. అది కొక్కెరో, ఇంకేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరికీ జ్వరం రాలేదు, అది నా అదృష్టం. ఆ గూడెంవాళ్లది తప్పు కాదు. వాళ్లు కబురు చేశారు. విని ఊరుకున్నది నేను.

అందుకే చెబుతున్నాను, మన సరిహద్దు జిల్లాల్లో అన్నింటికంటే పెద్ద ప్రమాదం కొంగా కాదు, బాతూ కాదు. కోళ్లు చచ్చాయన్న కబురు ఆలస్యం కావడం. కొక్కెర ఏటా వస్తుంది, మనకు అలవాటైపోయింది. అలవాటు పడ్డ కంటికి కొత్త జబ్బు కనిపించదు. రెండింటికీ తేడా చూపుతో చెప్పడం నాలాంటివాడికే కష్టం. తురాయి, కాళ్లు నీలంగా మారడం, తల వాయడం, గుడ్లు హఠాత్తుగా ఆగిపోవడం, ఒక్క రాత్రిలో గూట్లో సగం చచ్చి ఉండటం. ఇవి కనిపిస్తే పేరు పెట్టే పని మీది కాదు, నాది కూడా కాదు. నమూనా కటక్ దగ్గర ఫుల్‌నఖరా లేబుకు, అక్కడి నుంచి భోపాల్‌లోని జాతీయ లేబుకు వెళ్లాలి. అది తేలుస్తుంది.

కొక్కెర టీకా మాత్రం తప్పక వేయించుకోండి. టీకా వేసిన ఊళ్లో కోళ్లు చస్తే, ఇది వేరే ఏదో అని వెంటనే అనుమానం వస్తుంది. కొక్కెరను అదుపులో పెట్టడమంటే బర్డ్ ఫ్లూకు కళ్లు తెరిచి పెట్టడం.

చెప్పడానికి జనం ఎందుకు భయపడతారో నాకు తెలుసు. చెబితే కిలోమీటరు దూరంలో ఉన్న కోళ్లన్నీ చంపేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. ఊరంతా నన్నే తిడుతుంది అనుకుంటారు. ఆ టెన్షన్ నిజమే. కానీ ఒక లెక్క చూడండి. ప్రభుత్వం చంపించిన కోడికి పరిహారం ఉంటుంది. అప్పటికే చచ్చిపోయిన కోడికి ఉండదు. నువ్వు ఆగిన ఒక్కో రోజూ పరిహారం వచ్చే కోళ్లు తగ్గి, రాని కోళ్లు పెరుగుతాయి. పరిహారం చేతికొచ్చేసరికి నెలలు పడుతుందని కొందరు గొణుగుతున్నారు, వినిపిస్తోంది. ఆ మాట నిజమైన చోట అధికారులు సిగ్గుపడాలి. డబ్బు ఆలస్యం అయిన ఊళ్లో రెండోసారి ఎవరూ కబురు చెప్పరు. పరిహారం త్వరగా ఇవ్వడం కూడా జబ్బును ఆపే మందే అని నేను ప్రతి మీటింగులో చెప్పాను, రిటైరయ్యాక కూడా చెబుతున్నాను.

సరిహద్దు సంగతి ఇంకొకటి. గోదావరి జిల్లాల గుడ్లు లారీల్లో మన మీదుగా ఒడిశా లోపలికి వెళతాయి. 2024 ఆగస్టులో పూరీ జిల్లా పిపిలిలో జబ్బు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది. మనం మధ్యలో ఉన్నాం. పాతపట్నంలో కోళ్లు చస్తే పర్లాకిమిడి డాక్టరుకు కాగితం ఎప్పటికి చేరుతుందో చెప్పలేం, కానీ కోడి సంచిలో కూర్చుని అరగంటలో ఆటోలో వచ్చేస్తుంది. అక్కడ ధర పడిపోయిందంటే చవగ్గా కోళ్లు ఇటు వస్తాయి. హఠాత్తుగా సగం ధరకు కోళ్లు దొరుకుతుంటే సంతోషించకండి, ఎందుకు చవకో అడగండి. మీలో చాలామందికి అటుపక్క ఆడపడుచులో, వియ్యపురాళ్లో ఉన్నారు. ఒక్క ఫోను చెయ్యండి. ప్రభుత్వం కంటే మన చుట్టరికాలు వేగంగా కబురు మోస్తాయి.

ఆశా అక్కలకు ఒక్క మాట. జ్వరం, దగ్గు, ఆయాసంతో ఎవరైనా వస్తే, ఇంట్లో కోళ్లు చచ్చాయా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న డాక్టరు చీటీలో రాయించండి. ఫ్లూకి ఓసెల్టామివిర్ అనే మందు ఉంది, మొదటి రెండు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. ఆ ప్రశ్న అడగకపోతే మామూలు న్యుమోనియా అనుకుని ఆ రెండు రోజులూ పోతాయి. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. మంగళగిరి ఎయిమ్స్‌లో వైద్యం చేశారు, పుణెలో వైరాలజీ సంస్థ పరీక్షించి చెప్పింది. కోడి కోసేటప్పుడు పచ్చి ముక్క నోట్లో పెట్టుకుందని వార్తల్లో వచ్చింది. ఇంట్లో ఇంకెవరికీ సోకలేదు. మూడో రేవు దాటలేదు. ఆ పాప మాత్రం లేదు. పొద్దున్న ఆటోలో ఆ పిల్ల చెయ్యి నోట్లోకి వెళ్లినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చింది. దిగేటప్పుడు వాళ్లమ్మతో చెప్పాను, ఇంటికెళ్లగానే పిల్ల చేతులు సబ్బుతో కడుగమ్మా అని. సరే బాబుగారూ అంది.

ప్రశ్నలుంటే అడగండి. అదిగో, వెనక నీలం చీర ఆవిడ.

(సభలో నుంచి: “బాబూ, మా వీధిలో మొన్న మూడు కోళ్లు పోయాయి. నిన్న రాత్రి అయిదు. కొక్కెరే అనుకున్నాం.”)

ఏ వీధమ్మా? చచ్చినవి ఎక్కడున్నాయి? పారేశారా? ఒకటి ఉందా, గోనె కింద? మంచిపని చేశారు. ఎవరూ ముట్టుకోవద్దు, కుక్కల్ని దగ్గరికి రానివ్వద్దని ఇంటికి ఫోను చెయ్యండి. మిగిలినవాటిని అమ్మకండి, కొయ్యకండి. పశువుల ఆసుపత్రి డాక్టరు ఈ సభలోనే ఉన్నారు, బాబూ, మీ పెట్టె తీసుకోండి. మిగతా ప్రశ్నలకు మా ఆశా అక్క జవాబు చెబుతారు. మనం ముగ్గురం ఇప్పుడే వెళ్దాం, పదండి.